వ్యర్థాల కోసం వచ్చిన జీపు

2009 ఫిబ్రవరిలో, కంది కోతలు అయిపోయాక, కంబదూరు దగ్గర ఒక పల్లెకి వ్యర్థాలు వెతుక్కుంటూ జీపొకటి వచ్చింది. అందులోంచి దిగిన హరినాథ్ అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి. మీటింగులో టీ ఇస్తారని తెలియడంతో పనున్నవాళ్లు కూడా తీరిక చేసుకుని కూర్చున్నారు.

"పంట వ్యర్థాలన్నీ మీరేం చేస్తారు?" అని అడిగాడు హరినాథ్.

జనం మొహామొహాలు చూసుకున్నారు. కాయలు తెంపిన వేరుశనగ కట్టె ఎద్దులు తింటాయి. కాయల పొట్టు ఇటుక బట్టీకి పోతుంది. కంది పొట్టు మేకలకి, కంది కట్టె పొయ్యిలోకి.

"వ్యర్థమంటే ఏందప్పా?" అన్నాడు తిప్పయ్య.

"ఎందుకూ పనికిరానిది."

"అట్లైతే మా తమ్ముడు ఓబుళేసు ఉండాడు. జీపులో చోటుందా?"

అందరూ నవ్వారు, ఓబుళేసుతో సహా. హరినాథ్ మాత్రం ఫారంలో 'వ్యర్థాలు: పుష్కలం' అని రాసుకున్నాడు. ఎన్ని ఉన్నాయో రాయడానికి ఫారంలో గడి ఉంది గానీ, అసలు లేవని రాయడానికి లేదు.

తిరిగి వెళుతుంటే మారెక్క ఇంటి పక్కన కంది కట్టెల వామి అతని కంటబడింది. మారెక్క మొగుడు పోయి ఎనిమిదేళ్లు. ఐదెకరాల మెట్ట చేను ఒక్కతే చేసుకుంటోంది. ఆ వామి ఆమెకి వచ్చే కోతల దాకా వంటచెరుకు. హరినాథ్‌కి మాత్రం అది మూడు బండ్ల వ్యర్థంలా కనిపించింది.

అరుగు మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. చెట్టు గాలిలోని బొగ్గును పీల్చుకుని పెరుగుతుంది. కట్టెను పూర్తిగా కాలిస్తే ఆ బొగ్గు మళ్లీ గాలిలో కలుస్తుంది. అదే డ్రమ్ములో సగం కాల్చి, మూత పెట్టి ఆర్పి, మిగిలిన బొగ్గును చేలో కలిపితే వందల ఏళ్లు మట్టిలోనే ఉంటుంది.

"ఆకాశంలో బొగ్గు ఎక్కువైపోయిందక్కా. దించాలి."

"ఎవరు ఎక్కిచ్చినారప్పా అంత?"

"ఎక్కువగా పెద్ద పెద్ద దేశాలవాళ్లు. కార్లు, ఫ్యాక్టరీలు..."

"వాళ్లు ఎక్కిచ్చిందాన్ని నా పొయ్యి కట్టెల్తో దించల్లనా?"

హరినాథ్ మాట మార్చాడు. నేల తేమ నిలుపుకుంటుందనీ, ఆదర్శ మహిళా రైతు అని సర్టిఫికెట్ కూడా ఇస్తామనీ అన్నాడు.

"సర్టిఫికెట్టు యాడ పెట్టుకోవల్ల, పొయ్యిలోనా?" అంది మారెక్క. వామి వైపు ఒకసారి చూసి, "సరే. మంట మాత్రం ఊరికే పోనీయను. దాని మీద నా సంగటి ఉడకల్ల" అంది.

"డ్రమ్ము మీద కుండ పెట్టే పద్ధతి మాన్యువల్లో లేదక్కా."

"మాన్యువల్ రాసినాయప్ప సంగటి తింటాడా?"

"తినడు."

"అందుకే లేదు."

మొదటిరోజు సంస్థ ఇచ్చిన డ్రమ్ములో కట్టెలు ముక్కలు చేసి నింపుతూ ఆమె ఒక్కో ముక్కా లెక్కపెట్టుకుంది. ఏడాది వంట కదా! పైన నిప్పు అంటించాక మంట నిటారుగా లేచింది, దాదాపు పొగ లేకుండా. ముప్పై ఏళ్లుగా పొయ్యి ముందు ఏడుస్తూ వండిన మనిషికి, పొడి కళ్లతో సంగటి కెలకడం ఏదో తప్పు చేస్తున్నట్టే అనిపించింది. కుండ దించాక డ్రమ్ముకి మూత వేసి సందులకి మన్ను మెత్తారు. మర్నాడు తీస్తే బొగ్గు గాజుల్లా గలగలలాడింది.

మార్చిలో ఇద్దరు విదేశీయులు చూడవచ్చారు, ముందు సంస్థ డైరెక్టరు, వెనక బ్యానరు. డ్రమ్ము మీద కుండ చూసి డైరెక్టరు మొహం మాడింది.

"హరినాథ్, ఆ కుండ తీసేయించు. మాన్యువల్ బొమ్మలో కుండ లేదు."

"సగం ఉడికిండాది సారూ. నీ బొమ్మ కోసం పచ్చి పిండి తినల్లనా నేను?" అంది మారెక్క.

ఇంతలో విదేశీ ఆవిడ ఆ కుండనే చూపిస్తూ ఉత్సాహంగా ఏదో అడిగింది. డైరెక్టరు రెప్పపాటులో ముందుకొచ్చి, ఇది మా సంస్థ రెండేళ్లు శ్రమించి కనిపెట్టిన పద్ధతి అని ఇంగ్లీషులో సెలవిచ్చాడు. నిరూపణగా కుండ అంచు మీద చెయ్యి వేశాడు. కాలిన వేళ్లతోనే నవ్వుతూ ఫొటో దిగాడు.

పేడనీళ్లలో నానబెట్టిన బొగ్గును అర ఎకరంలో కలిపారు. పక్క అర ఎకరం, పోల్చి చూడటానికి, మామూలుగా వదిలేశారు. తొలకరికి రెండింట్లోనూ వేరుశనగ విత్తారు. తర్వాత వాన రాలేదు. రెండు చోట్లా పైరు ఒకేలా ఎండింది. 'దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు' అని నివేదిక వెళ్లింది. అబద్ధం కాదు, సున్నాకీ సున్నాకీ తేడా ఏముంటుంది? ఇక్కడి వాతావరణం ప్రాజెక్టుకి సహకరించడం లేదని, ప్రాజెక్టును నీళ్లున్న జిల్లాకి మార్చేశారు.

ఆ మాట చెప్పడానికి హరినాథ్ ఒక్కడే బస్సులో వచ్చాడు. తల ఎత్తలేకపోతున్నాడు. మారెక్క అతన్ని దొడ్లోకి పిలిచింది. స్నానాల నీళ్లు పారే చోట, మిగిలిన బొగ్గు కలిపి గోరుచిక్కుడు పెట్టింది.

"వేలు పెట్టి చూడప్పా. స్నానాలకి నీళ్లు చాలక, దీనికి తడి తగిలి నాలుగు దినాలాయ. ముందు రెండు దినాలకే బీటలిచ్చేది."

తడిగా ఉంది. అతను అక్కడే నిలబడి డైరెక్టరుకి ఫోన్ చేశాడు. నివేదిక ముద్రణకి పోయింది, ఇక కొత్త విషయాలు కనుక్కోవద్దు అన్నాడాయన.

హరినాథ్ ఆఖరి బస్సు దాకా ఆగాడు. తనంతట తానే కమ్మరి కదిరప్ప దగ్గరికి పోయి, పాత తారు డ్రమ్ముకి బొక్కలు ఎక్కడ పొడవాలో సుద్దతో గీసి చూపించాడు. మరుసటి కోతలకల్లా ఏడిళ్లలో డ్రమ్ములు లేచాయి. ఆకాశం నుంచి ఎంత బొగ్గు దిగిందో కొలవడానికి ఎవరూ రాలేదు. మారెక్క మాత్రం ఇంటింటికీ పోయి మూతలు తట్టి చూస్తూ, "మన్ను గట్టిగా మెత్తండే! సందుంటే తెల్లారేతలికి బూడిదే మిగిలేది" అని అరిచింది.