పిలిచేవాడి షరతు

"కోడలా, జూరక్క గిన్నె ఖాళీ అయింది," అంది అత్తగారు.

నుర్జాదా లేచింది. అతిథి గిన్నెలో టీ సగమే పోయాలి. నిండా పోస్తే ఇక బయల్దేరమన్నట్టు. అందుకే ఒక్క మనిషికే పదిసార్లు లేవాలి. జూరక్కకు రాజధాని బిష్కెక్ నుంచి కొండల్లోని పెద్ద సరస్సు దాకా తిరిగే బస్సులున్నాయి. నిన్న వాటిలో ఒకే సీటు ఇద్దరికి అమ్ముడైంది. ఆ టికెట్ల ప్రోగ్రాం రాసింది నుర్జాదా, ఆమె భర్త తాలాయ్.

"మా ఆవిడ భాగంలో తప్పు దొర్లిందక్కా," అన్నాడు తాలాయ్, రొట్టె తుంచుతూ. "ఇల్లూ పిల్లా చూసుకునే మనిషి, ధ్యాస ఎక్కడుంటుంది? కొత్త కాంట్రాక్టు నా పేరునే రాయండి. అంతా నేనే చూసుకుంటా."

నుర్జాదా చేతిలో టీ కుండ ఆగిపోయింది.

తను రాసే ప్రతి క్లాసుకూ, అంటే ప్రోగ్రాంలో ఒక్కో పని చేసే ముక్కకూ, ఒక ఒప్పందం రాస్తుంది. టికెట్ కోసం సీటు క్లాసును పిలిచే బుకింగ్ భాగం, సీటు ఖాళీగా ఉందని తేల్చుకున్నాకే అమ్మమని అడగాలి. అలా అడిగితే, అమ్మి నిండిందని రాసుకునే పూచీ సీటు క్లాసుది. ఎవరు మాట తప్పినా ప్రోగ్రాం అక్కడే ఆగి, తప్పింది ఎవరో చెబుతుంది. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇంతకన్నా నిక్కచ్చి బేరం లేదు. సీటు క్లాసు ఆమెది, పిలిచే భాగం తాలాయ్‌ది. "నీ షరతులు మా అమ్మకన్నా సతాయిస్తున్నాయే," అని పోయినవారం నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఈ ఉదయం ప్రోగ్రాంలో ఎవరేం మార్చారో చూపే జాబితా తెరిస్తే, సీటు ఖాళీగా ఉండాలన్న షరతు కొట్టేసి ఉంది, పక్కన అతని పేరు. తనంతట తనే చెబుతాడని మధ్యాహ్నం దాకా చూసింది. పదకొండేళ్ల కాపురం మీద ఆమాత్రం నమ్మకం పెట్టింది.

కుండ దించి, రొట్టెలు పక్కకు జరిపి లాప్‌టాప్ పెట్టింది.

"అక్కా, కొట్టేసిన వాక్యం తిరిగి రాస్తున్నా, చూడండి."

అదే సీటుకు రెండోసారి టికెట్ అడగగానే ప్రోగ్రాం ఆగిపోయింది. తెరమీద ఒక్క వరుస: షరతు తప్పింది, పిలిచినది బుకింగ్ భాగం.

"ఆ భాగం ఎవరిది?" అంది జూరక్క.

తాలాయ్ గిన్నెలోకి చూశాడు.

"ఇంటి గుట్టు బయటివాళ్ల ముందా?" అత్తగారు గొంతు తగ్గించింది.

"తప్పు నాదని నా పేరు తీసింది కూడా ఈ అక్క ముందే కదత్తా."

జూరక్క గిన్నె పక్కనపెట్టి కాంట్రాక్టు కాగితం తీసింది. "రెండు భాగాలూ ఒక్కదానివే రాయగలవా?"

"రాస్తాను. నా పేరు వేయండి."

"ఒక్క వాక్యం కొట్టేసినందుకా ఇదంతా?" తాలాయ్ నవ్వబోయాడు.

"కొట్టేసినందుకు కాదు. పొద్దున నాతో ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ తప్పు నాదేనని ఇక్కడ నేనే చెప్పేదాన్ని."