అట్టడుగు మెట్టు

ఆ అన్నదమ్ములిద్దరూ ముప్పై ఏళ్ళు ఒకే రేకుల షెడ్డు కింద కొయ్యపని చేశారు. తమ్ముడు కొలిచేవాడు, అన్న కోసేవాడు. ఎవరి ఇంటికైనా మెట్లు కావాలన్నా, గోడ నిండా పుస్తకాల అరలు కావాలన్నా, ముందు వెళ్ళేది తమ్ముడే. జేబులో టేపు ఉన్నా దాన్ని నమ్మేవాడు కాదు. పొడవాటి సన్నటి బద్ద ఒకటి భుజాన వేసుకుని వెళ్ళి, ఎక్కడ ఏది రావాలో దాని మీదే పెన్సిలుతో గీసుకుని వచ్చేవాడు. సాయంత్రం ఆ బద్దను అన్న చేతికిచ్చి, టీ తాగుతూ మిగతాదంతా నోటితో చెప్పేవాడు. ఏ గోడ ఒంకరగా ఉందో, ఏ తలుపు ఎటు తెరుచుకోవాలో, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, అన్నీ. కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు కదయ్యా అని ఎవరైనా అంటే, "మా అన్న చెవులుండగా కాగితం దండగ" అనేవాడు.

తమ్ముడు పోయి నాలుగు నెలలైంది. జ్వరమని మొదలై, జ్వరం కాదని తేలి, మూడు నెలలు మంచాన ఉండి పోయాడు.

మంచం పట్టకముందు అతను కొలిచిన ఆఖరి పని ఒకటి మిగిలిపోయింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ కట్టుకుంటున్న ఇల్లు. అందరూ ఆవిడను సిస్టరమ్మ అంటారు. కింది హాల్లోంచి మేడ మీది గదికి టేకు మెట్లు కావాలని ఆవిడ కోరిక. ఇంటి పని డబ్బుల్లేకనో, మేస్త్రీలు దొరక్కనో మధ్యలో ఆగి, ఇప్పుడు మళ్ళీ మొదలైంది. మెట్లు ఎప్పుడు పెడతారని కబురు పంపింది.

అందరూ పెద్ద మేస్త్రి అని పిలిచే అన్న, గోడకు ఆనించి ఉన్న బద్దను దించి, బల్ల మీద పరిచాడు. చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.

షెడ్డులో అటుపక్క అతని మరదలు, అంటే తమ్ముడి భార్య, కుర్చీ చేతులకు పాలిష్ పడుతోంది. ఆ షెడ్డులోంచి బయటికి వెళ్ళిన ప్రతి వస్తువుకూ ఆఖరి మెరుపు ఆమె చేతిదే. భర్త పోయిన రెండో నెలలోనే, ఎవరూ పిలవకుండానే, గుడ్డముక్కల డబ్బా పట్టుకుని వచ్చి తన చోట కూర్చుంది. రావద్దని గానీ, వచ్చావా అని గానీ ఎవరూ అనలేదు.

"పొద్దుట్నుంచీ ఆ బద్దతో కాపురం చేస్తున్నారేంటి బావగారూ?" అంది తలెత్తకుండానే.

"ఇలా రామ్మా. ఇది చూడు."

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మొత్తం పదిహేను మెట్లు. పైనుంచి పద్నాలుగు మెట్లూ ఏడేసి అంగుళాలు, నూలు తేడా లేదు. అట్టడుగు మెట్టు మాత్రం పది అంగుళాలు. ఎక్కడైనా ఉంటుందా? ఎక్కేవాళ్ళు మొదటి మెట్టు ఎక్కడానికి నిచ్చెన తెచ్చుకోవాలి."

"ఆయన పెట్టారంటే ఏదో ఉండే ఉంటుంది."

"ఇంకోటి చూడు. బద్దంతా చాకుతో గీకేసి, మళ్ళీ గీశాడు. వాడు ఒకసారి గీసింది చెరపడం నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదు."

"మరి? ఒళ్ళు కాలిపోతూ వెళ్ళాడు ఆ రోజు. నేను వద్దన్నా వినలేదు. చెయ్యి, బుర్ర రెండూ వాడి అదుపులో లేవు."

మరదలు గీకిన చోట వేలితో తడిమింది. "సిస్టరమ్మ గారిని ఓ మాట అడగండి. అడిగితే పోయేదేముంది?"

"పోయేది వాడి పేరు" అన్నాడు పెద్ద మేస్త్రి. "ముప్పై ఏళ్ళు కొలిచాడు. ఒక్క పలక వెనక్కి రాలేదు. ఇప్పుడు నేను వెళ్ళి, అమ్మా మా వాడు కొలిచింది సరిగ్గానే ఉందా అని అడిగితే, ఆవిడేమనుకుంటుంది? నేను చక్కబెట్టేస్తాను. మూడో కంటికి తెలియదు."

"నాకు తెలిసిందిగా" అంది ఆమె.

అతను బద్దను తీసి మళ్ళీ గోడకు ఆనించాడు. ఆమె వెళ్ళి మళ్ళీ కుర్చీ ముందు కూర్చుంది.

మర్నాడు పెద్ద మేస్త్రి తనే టేపు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. సిస్టరమ్మ లేదు. కాపలా మనిషి తలుపు తీశాడు. హాల్లో నేల నున్నటి గచ్చు, అద్దంలా ఉంది. నేల మీంచి మేడ దాకా నూట ఎనిమిది అంగుళాలు. తమ్ముడి బద్ద మీద కూడా మొత్తం అంతే. ఆ ఎత్తును మెట్లకు పంచడంలోనే వాడు తడబడ్డాడు, అంతే కదా అనుకున్నాడు. అడుగు మెట్టులో ఎక్కువైన మూడంగుళాలను పదిహేను మెట్లకూ సమానంగా పంచాడు. ఒక్కో మెట్టుకు బియ్యపు గింజంత కూడా రాలేదు. ఆ లెక్కన కొత్త గీతలు గీస్తుంటే అతనికి ఒక సంగతి కనిపించింది. తను గీస్తున్న ప్రతి గీతా, తమ్ముడు చాకుతో గీకేసిన పాత గీత మీదే పడుతోంది. అంటే వాడు ముందు సరిగ్గానే గీశాడు, తర్వాత జ్వరం తలకెక్కి చెరిపేశాడు. అతనికి గుండె బరువు కొంత దిగింది. తప్పు తమ్ముడిది కాదు, జ్వరానిది.

మూడు వారాలు పట్టింది పని. రెండు పక్కలా నిలబడే పొడవాటి పలకలకు ఉలితో గాళ్ళు తీశాడు. ఒక్కో మెట్టూ ఆ గాడిలోకి జారి కూర్చుంటుంది, ఎక్కడా మేకు కనబడదు. చిత్రిక పట్టి పట్టి పలకలను అరచేతికి పాలమీగడలా చేశాడు. మరదలు ఆరు పూతలు పాలిష్ పట్టింది. అడుగు మెట్టు గురించి మళ్ళీ ఎత్తలేదు. ఆమె మాట్లాడకపోవడం అతనికి తెలుస్తూనే ఉంది. షెడ్డులో రంపం ఆగినప్పుడల్లా తెలిసేది.

మెట్లు నిలబెట్టిన రోజు అన్నీ కుదిరాయి. పై అంచు మేడ నేలతో కలిసిపోయింది. కింది అంచు గచ్చు మీద అతికినట్టు కూర్చుంది. సిస్టరమ్మ పైకి ఎక్కి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చిన్నపిల్లలా.

"చిన్న మేస్త్రి గారు చూసి ఉంటే ఎంత బాగుండేది" అంది.

పెద్ద మేస్త్రి తల ఊపి, ఉలులు సంచిలో సర్దుకుంటున్నాడు. అప్పుడే గుమ్మంలో ఆటో ఆగింది. బండల మేస్త్రి దిగాడు. ఎక్కడ పని చేసినా ఇల్లంతా వినబడేలా మాట్లాడే మనిషి.

"పెద్దన్నా! మెట్లు కట్టావా, స్వర్గానికి దారి వేశావా? ఎక్కితే దిగబుద్ధేస్తుందా అసలు?" అంటూ వచ్చి, చేత్తో పలక నిమిరి, సిస్టరమ్మ వైపు తిరిగాడు. "బండలు రేపు దిగుతాయమ్మా. ఎక్కడ మొదలెట్టమంటారు, మెట్ల దగ్గర్నుంచా, గుమ్మం దగ్గర్నుంచా?"

"బండలేంటి?" అన్నాడు పెద్ద మేస్త్రి.

"బండలంటే బండలే అన్నా. హాలంతా. కింద ఇసుకా సిమెంటూ, పైన రాయి, మొత్తం మూడంగుళాలు."

"గచ్చు ఉందిగా. అద్దంలా ఉంది."

"అది తాత్కాలికం అండీ" అంది సిస్టరమ్మ. "పని ఆగిపోతుందని తెలిసి, అప్పటికి నడవడానికి వేయించాను. చిన్న మేస్త్రి గారికి చెప్పానే? ఆయన అంతా కొలిచి గీసేశాక గుర్తొచ్చి చెప్పాను. 'ఇంకా నయం, ఇప్పుడైనా చెప్పారు సిస్టరమ్మా' అని నవ్వి, అక్కడే గుమ్మంలో కూర్చుని చాకుతో అంతా గీక్కున్నారు..."

ఆవిడ మాట నెమ్మదించింది. మెట్ల వైపు చూసింది. మూడంగుళాలు నేల పైకి వస్తే అడుగు మెట్టు ఎంత మిగులుతుందో ఆవిడకూ కనబడింది. జానెడులో సగం.

"అయ్యో" అంది. ఆపైన చాలా మెత్తగా, "పాపం, ఆ రోజు ఒళ్ళు పేలిపోతోంది ఆయనకి. నేనే చెయ్యి పట్టుకు చూశాను. మీకు చెప్పడం మర్చిపోయుంటారు లెండి. ఆ స్థితిలో ఎవరైనా మర్చిపోతారు" అంది.

పెద్ద మేస్త్రి చేతిలోని ఉలిని సంచిలో పడేశాడు. చేతులు కడుక్కొస్తానని బయటికి నడిచాడు.

కుళాయి తిప్పి, నీళ్ళు చేతుల మీద పడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం అతనికి గుర్తుంది. తమ్ముడు బద్దను గోడకు ఆనించి, "అన్నా, ఆ మెట్ల కింద ఒక సంగతుంది" అన్నాడు. తను, "పని మాటలు తర్వాత. ముందెళ్ళి మందేసుకుని పడుకో" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలల్లో పని మాట ఎత్తిన ప్రతిసారీ అదే చెప్పాడు. అది ప్రేమ అనుకున్నాడు. ప్రేమే. కానీ ఆ మూడు నెలలూ తన చెవులు మూతబడే ఉన్నాయి.

వెనకనుంచి బండల మేస్త్రి వచ్చి, మొదటిసారిగా గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఎందుకన్నా అంత కుమిలిపోతావ్? ఆవిడే చెప్పిందిగా, ఆయన మర్చిపోయాడని. ఊ అనేసెయ్. పోయినాయన వచ్చి కాదంటాడా? ఉన్నోళ్ళం బతకాలి."

"నువ్వు బండలు నేల మీద పరుచుకో తమ్ముడూ" అన్నాడు పెద్ద మేస్త్రి. "మావాడి మీద పరచకు."

లోపలికి వెళ్ళి సిస్టరమ్మ ఎదురుగా నిలబడ్డాడు.

"మావాడు మర్చిపోలేదమ్మా. బండల మందం వదిలిపెట్టే గీశాడు. బద్ద మీద ఉంది. తప్పని నేను మార్చాను."

"మీరా? మరి నన్నొక మాట అడగలేకపోయారా?"

"అడిగితే వాడి పేరు పోతుందనుకున్నాను."

సిస్టరమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. రోగుల ముఖాలు చూసి చూసి అలవాటైన చూపు. "సరే, ఇప్పుడేం చేద్దాం? మొదటి మెట్టొక్కటే కదా పొట్టిది. నేను సర్దుకుంటాను."

"మీరు సర్దుకున్నా మీ కాలు సర్దుకోదమ్మా. పద్నాలుగు మెట్లు ఒకే ఎత్తు దిగుతూ వస్తే, పదిహేనోది కూడా అంతే ఉంటుందని కాలు నమ్మేస్తుంది. అక్కడ నేల ముందే తగులుతుంది. మోకాలు విరుగుతుంది. మెట్ల పలకలు పనికొస్తాయి. పక్క పలకలు రెండూ కొత్తవి చెయ్యాలి, గాళ్ళన్నీ మళ్ళీ తియ్యాలి. రేపొచ్చి విప్పుతాను."

షెడ్డుకు తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మరదలు పాలిష్ డబ్బాకు మూత పెడుతోంది. అతను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు, గచ్చు దగ్గర్నుంచి బండల దాకా.

"ఆ సాయంత్రం వాడు చెప్పబోయాడమ్మా. నేనే చెప్పనివ్వలేదు. మందేసుకోమని తరిమాను."

"వేసుకోలేదు" అంది మరదలు.

"ఏంటి?"

"ఆ మందు. చేదని పూలకుండీలో పోసేశారు. నేను చూస్తుండగానే. 'మా అన్నకు చెప్పకు, ఏడుస్తాడు' అన్నారు."

పెద్ద మేస్త్రికి ముందు నవ్వొచ్చింది. అది ఆగలేదు. ఆమె కూడా నవ్వింది, చేతిలో మూత పట్టుకుని. నవ్వు అయిపోయాక ఇద్దరూ చెరో వైపుకు తిరిగి, కళ్ళు తుడుచుకున్నారు. తమ్ముడు పోయాక ఇన్ని నెలల్లో వాళ్ళిద్దరూ ఒకరి ముందు ఒకరు ఏడవలేదు.

"నాతో కూడా ఒక మాట అనుండాల్సింది ఆయన, బండల సంగతి" అంది కాసేపటికి. "మీతోనే చెప్పాలని అట్టేపెట్టుకున్నారు. మొగుడి కబుర్లన్నీ బావగారి వాటాకే పోయేవి."

"నీ మాట వినుండాల్సిందమ్మా."

"వినలేదు. మీరు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు." కోపం ఉంది ఆ మాటలో. ఇన్నాళ్ళూ మౌనంగా ఉన్నది అదే. "మీరు దాచింది ఆయన తప్పును కదా బావగారూ. లేని తప్పు. రోజూ ఆ పలకలకు పాలిష్ పడుతుంటే నాకెలా ఉంటుంది?"

అతను తల వంచుకుని విన్నాడు.

"రేపు నేనూ వస్తాను" అంది. "ఆవిడతో మీరన్న మాట నా చెవులతో వినాలి."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్ళారు. హాల్లో బండలు దొంతర్లుగా దిగి ఉన్నాయి. బండల మేస్త్రి తన మనుషులతో ఏదో జోకు చెబుతూ, మరదలిని చూసి ఆగిపోయాడు. సిస్టరమ్మ ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

పెద్ద మేస్త్రి సంచి కింద పెట్టాడు. అందరూ ఉన్నారో లేదో ఒకసారి చూశాడు. క్లాసులో పాఠం అప్పజెప్పే కుర్రాడిలా చేతులు రెండూ పక్కలకు ఆనించుకుని నిలబడ్డాడు.

"మా తమ్ముడి కొలత సరిగ్గా ఉంది. జ్వరంలో కూడా వాడు తప్పలేదు. తప్పనుకుని మార్చి కోసింది నేను."

మరదలు మేడ దాకా మెట్లన్నీ ఒకసారి చూసింది, ఆరు పూతలు పట్టిన తన పనిని. కొంగు నడుముకు బిగించి, పైమెట్టు దాకా ఎక్కింది. అక్కడ పక్క పలక పై చివరన రెండు చేతులూ వేసి పట్టుకుంది.

"రండి బావగారూ, విప్పుదాం" అంది.