తెరకు తెర

సముద్రపు గాలికి తుప్పు పట్టని వస్తువు విడవలూరు వైపు దొరకడం కష్టం. అక్కడి బడిలో ఎనిమిదో తరగతి గోడకున్న డిజిటల్ బోర్డు మాత్రం నిగనిగలాడుతోంది. ఎందుకంటే దాన్నెవరూ ముట్టుకోరు! ఆయుధపూజనాడు హెడ్మాస్టరు రంగనాయకులు గారు కుంకుమబొట్టు పెట్టి, పాత దుప్పటి కప్పేశారు. పేరుకు టచ్ స్క్రీను. టచ్ చేస్తే ఒట్టు. తెరకే తెర వేసిన ఘనత మనది, చదువరులారా!

"ప్రేమలీలమ్మా, మధ్యాహ్నం ఎంఈఓ గిరిబాబు గారు వస్తున్నారంట. వాడకపోతే బోర్డు ఇంకో బడికి పంపేస్తామన్నారు. నువ్వు పక్కన నిలబడు, ఒక ఫోటో తీసేస్తా" అన్నారాయన.

"ఫోటో దిగితే పాఠం వస్తాదా సార్? వాడేది నేర్పినారా ఎవురన్నా?" లెక్కల టీచరు ప్రేమలీలకు ఒళ్లు మండింది.

నేర్పామనే అంటారు పైవాళ్లు. నెల్లూరులో శిక్షణ పెట్టారు. అందులో శిక్షే ఎక్కువ, నేర్పింది క్షణమే. తెర మీద వెనక్కి రావాలంటే ఎక్కడ నొక్కాలని ఆమె లేచి అడిగితే, "ఇది కూడా తెలీదా మేడం?" అన్నాడు ట్రైనరు. హాలంతా నవ్వింది. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పిన మనిషి మళ్లీ నోరెత్తలేదు. బోర్డు పోతే పోనీ, పరువు దక్కితే చాలనుకుంది.

ఆ మధ్యాహ్నం క్లాసులో నల్లబల్ల మీద త్రిభుజం గీయమని ఇర్ఫానాను పిలిచింది. ఆ పిల్ల బెంచీ వదల్లేదు.

"తప్పు పోతే అందరూ నవ్వుతారు మేడం."

"నవ్వితే నవ్వనీలే మే. చెయ్యి పెట్టకుండా ఎట్టొస్తాది?"

అనేసి, తన మాట తనకే గుచ్చుకుని ఆగిపోయింది. పిల్లకు చెప్పే నీతి పంతులమ్మకు వర్తించదా? విసురుగా వెళ్లి దుప్పటి లాగేసింది. ఎక్కడో నొక్కింది. బోర్డు చెవులు చిల్లులు పడేలా పాటెత్తుకుంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

"నాకూ రాదు మే! రా, ఇద్దరం నేర్చుకుందాం."

ఇర్ఫానా లేచి వచ్చింది. గీసి, చెరిపి, మళ్లీ గీసి, ఒక వంకర త్రిభుజాన్ని నిలబెట్టేసరికి గుమ్మంలో గిరిబాబు గారు! వెనక ఫోనెత్తి పట్టుకుని రంగనాయకులు గారు.

"ట్రైనింగు బాగా పనిచేసినట్టుందే అమ్మా!"

"ట్రైనింగులో నవ్వినారు సార్. అడగడం మానేసినా. ఈ పొద్దు పిల్లల ముందర నాకు రాదని ఒప్పుకున్నాకే చెయ్యి కదిలింది. బోర్డు ఉండనీండి. పదిసార్లు అడిగినా విసుక్కోకుండా పక్కన నిలబడి చెప్పే మనిషిని పంపండి."

గిరిబాబు గారు బోర్డువైపు చూశారు.

"ఆ రోజు నవ్వినోళ్లలో నేనూ ఉన్నానమ్మా. వెనక్కి ఎట్టా రావాలో నాకిప్పటికీ తెలీదు. మనిషిని పంపిస్తా. నేనూ వచ్చి కూర్చుంటా."

రంగనాయకులు గారు ఫోను జేబులో పెట్టుకుని, దుప్పటి మడిచారు.

అయ్యా, గోడకు బోర్డు తగిలిస్తే సరిపోదు. "నాకు తెలియదు" అన్న టీచరును చూసి నవ్వకుండా నేర్పిన నాడే ఆ బోర్డు వెలుగుతుంది.