నివాసి

నేవీ బేస్‌లోని పన్నుల సాయం గదిలో లియోనా కంటే ముందు ఒక చిన్న వయసు పిల్ల కూర్చుని ఉంది. ఆమె కూడా నావికుడి భార్యే. బల్ల అవతల మిసెస్ టబ్స్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కొక్క ప్రశ్నా అడుగుతోంది.

“కారు నంబరు ఎక్కడిది?”

“ఫ్లోరిడాదేనండీ.”

“లైసెన్సు?”

“అదీ అక్కడిదే.”

“ఇక్కడ వర్జీనియాలో ఓటు గానీ వేశావా?”

“ఓటా! మా ఊళ్లోనే ఎప్పుడూ వెయ్యలేదు,” అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

వెనక కుర్చీలో లియోనా ‘ఓటు’ అన్న మాటకు తలెత్తింది. ఒళ్లో ఉన్న ఫైలును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అందులో అన్నీ వరుసగా ఉన్నాయి: భర్త గారెట్ జీతం చీటీ, పెళ్లి పత్రం, తన టెక్సాస్ లైసెన్సు నకలు, తను పనిచేసే పంటి ఆసుపత్రివాళ్లిచ్చిన జీతం కాగితం. రాత్రి రెండుసార్లు సరిచూసుకుంది. లేనిదల్లా పోయిన మే నెల జ్ఞాపకమే.

ఆ మే నెలలో పక్కింటి పెట్రా స్కూలు బోర్డు ఎన్నికల్లో పోటీ చేసింది. కూరగాయల దుకాణం ముందు నిలబడి, “లియోనా, నువ్వు కూడా ఓటుకి పేరు రాయించుకోకపోతే నేను మునిగినట్టే,” అని కాగితమూ కలమూ చేతిలో పెట్టింది. “నేను వర్జీనియా నివాసిని” అన్న మాట పక్కన గడిలో గుర్తు పెట్టి, కింద సంతకం చేసింది లియోనా. రెండేళ్లుగా ఇక్కడే వండుకుని, ఇక్కడే పడుకుంటున్న మనిషి నివాసి కాకపోతే మరేమిటి? తరవాత వెళ్లి ఓటు కూడా వేసింది.

నేవీవాళ్లకు ఇళ్లు రెండు. గిన్నెలున్నది ఒకటి, కాగితం మీదిది ఒకటి. గారెట్‌దీ తనదీ కాగితం మీద టెక్సాస్. పెళ్లయ్యాక రెండేళ్లు కాపురమున్నదీ అక్కడే. ఆ రాష్ట్రం జీతం మీద పన్ను అడగదు. మొగుడి ఉద్యోగం కోసమే వచ్చాను, నా ఇల్లు టెక్సాసే అని రాసిచ్చిన భార్య దగ్గర వర్జీనియా కూడా పన్ను తీసుకోదు. ఉద్యోగంలో చేరినప్పుడు లియోనా అలాగే రాసిచ్చింది. ఏడాదంతా ఆసుపత్రివాళ్లు ఆమె జీతంలో పన్ను పట్టలేదు. ఇవాళ మళ్లీ అదే మాట రాసి, అంతా నిజమని సంతకం చెయ్యాలి.

పన్ను సంగతి ఎలాగో చూసుకోవచ్చు. గారెట్‌ది ఓడలో రహస్య సందేశాలు చూసే పని. ఆ పనికి ఇచ్చిన అనుమతిని జూన్‌లో తిరిగి పరిశీలిస్తారు. ఇంట్లో ఒక అబద్ధపు సంతకం బయటపడితే ఆ సందేశాల గది తలుపు అతనికి మూసుకుపోతుంది. పోనీ అడుగుదామంటే ఓడ సముద్రంలో ఉంది. ఈమెయిలుకి జవాబు వచ్చేసరికి నాలుగు రోజులు పడుతుంది.

ఫ్లోరిడా పిల్ల లేచి కోటు తొడుక్కుంటూ లియోనా ముఖం చూసింది. “ఏంటక్కా, అలా పాలిపోయావు?”

“నేను ఇక్కడ ఓటు వేశాను,” అంది లియోనా గొంతు తగ్గించి.

“అంతేనా! లేదని చెప్పెయ్. ఓట్లవాళ్ల పుస్తకం పన్నులవాళ్లు తిరగేస్తారా ఏంటి?”

తిరగెయ్యరేమో. ఆ ‘ఏమో’తో జూన్ దాకా ఎలా నిద్రపోవడం?

“తరవాతివాళ్లు!” అని పిలిచింది మిసెస్ టబ్స్.

లియోనా ఇంకా పూర్తిగా కూర్చోకుండానే, “పోయిన మేలో ఇక్కడ ఓటు వేశానండీ. నివాసినని సంతకం కూడా పెట్టాను,” అనేసింది.

మిసెస్ టబ్స్ కళ్లద్దాలు తీసింది. “అమ్మాయీ, నేనింకా నీ పేరే అడగలేదు.”

“లియోనా హాస్కిన్స్.”

“మరయితే లియోనా, ఆయన టెక్సాస్‌వాడే. నువ్వు మాత్రం వర్జీనియాదానివి. మంచం మధ్యలో సరిహద్దు గీసుకోండి.”

“గీద్దామంటే అవతలివైపు మనిషేడండీ?”

ఇద్దరూ నవ్వారు. లియోనా నవ్వు సగంలోనే ఆగింది. “ఆయన ఉద్యోగానికి...”

“పొరపాటు పడి దిద్దుకుంటే పొరపాటే. దాచిపెడితేనే వేరే పేరు వస్తుంది. ఓటు కోసం పేరు రాయించుకున్న రోజు నుంచి నీ జీతానికి పన్ను కట్టాలి. సోమవారం ఆసుపత్రిలో ఆ పాత కాగితం కూడా మార్పించు.” కలం ఇటు తిప్పి ఇచ్చింది. “ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. అది ఆయన పైవాళ్ల చేతిలో ఉంది.”

కారు టైర్లకని దాచిన డబ్బు పన్నుకే బొటాబొటిగా సరిపోయింది. ఇంటికి రాగానే గారెట్‌కు అంతా రాసింది. పంపాక ఒక్కొక్క వాక్యం మళ్లీ చదువుకుంది. నాలుగు రోజులు ఫోను చప్పుడైనప్పుడల్లా చేతిలో పని వదిలేసి పరిగెత్తింది.

అయిదో రోజు జవాబు వచ్చింది.

“మా చీఫ్‌కి ఇవాళే నేనే చెప్పేశాను. రాసుకున్నాడు, ఏమీ అనలేదు. జూన్‌లో చూడాలి. ఇంతకీ పెట్రా గెలిచిందా?”

ఆ ‘జూన్‌లో చూడాలి’ దాటి లియోనా చివరి ప్రశ్నకు వచ్చింది. తరవాత రాసింది: “గెలిచింది. ఏడు ఓట్లతో.”