పన్నెండో ముడి

ప్రతి ఆదివారం ఎండ నడినెత్తికి రాగానే తాత పడవల రేవు చివర నిలబడి, తెల్ల పళ్ళేనికి తాడు కట్టించి ఏట్లోకి దింపించేవాడు. పళ్ళెం ఎక్కడ కనబడకుండా పోతుందో అక్కడ ఆపి, తాడుకు జానెడుకొకటిగా వేసిన ముడులు లెక్కపెట్టాలి. ముడులు ఎన్ని మునిగితే నీళ్ళు అంత తేట. తాడు పట్టేదీ, పుస్తకంలో రాసేదీ మనవరాలు. చూసి చెప్పేది మాత్రం తాతే.

"ఏం పెద్దాయనా, ఏటికి అన్నం వడ్డిస్తున్నావా?" అని పడవవాడు వేళాకోళమాడేవాడు.

"నీకు పెట్టేకంటే నయం కదరా!" అనేవాడు తాత.

అద్దకం మిల్లు రంగునీళ్ళు ఏట్లో కలవకుండా ఆపడానికి తాతా, మరో నలుగురూ ఇరవై ఏళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు. ఆ అయిదుగురికీ సన్మానం చేస్తామని బడి టీచరమ్మ కబురు పెట్టింది. తాత మొహంలో సంతోషం లేదు. ఏడాదిగా ముడులు తగ్గుతున్నాయి. తొమ్మిది, ఏడు, అయిదు.

"మళ్ళీ పాడైపోతోందే తల్లీ. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అనేవాడు. ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆ మాట మనవరాలికి ముల్లులా గుచ్చుకునేది. తాత "పోయింది" అన్నప్పుడల్లా ఆమెకు పళ్ళెం తెల్లగా కనబడుతూనే ఉండేది. మొదట్లో తన చూపే తప్పనుకుంది. తరువాత, చెబితే తాత ఏమైపోతాడోనని కక్కలేక మింగలేక ఊరుకుంది.

ఆ ఆదివారం నాలుగో ముడికే తాత "పోయింది" అన్నాడు.

"పోలేదు తాతా."

"ఏంటీ?"

"నాకు కనిపిస్తోంది. ఎప్పుడూ కనిపిస్తూనే ఉంది."

తాత ముందుకు జరిగి తాడు మీద చెయ్యి వేశాడు.

"ఇంకా వదులు."

ఎనిమిది. పది. పన్నెండో ముడితో తాడు అయిపోయింది.

"ఇప్పుడు?"

"కనిపిస్తోంది తాతా. పక్కన గులకరాళ్ళు కూడా."

"గులకరాళ్ళే!" తాత నవ్వాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నీటిమీదికి వంగి చాలాసేపు చూశాడు. "ఏ రంగులో ఉన్నాయో చెప్పవే."

అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది.

తాత కంటి నరం వాడిపోయిందనీ, ఏడాది కిందటే తీసుకొచ్చి ఉంటే కొంత చూపు నిలిచేదనీ డాక్టరు చెప్పాడు. మనవరాలు తలెత్తలేదు. తాత తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

సన్మానం రోజు మైకు ముందు నిలబడి, "నా ఏడాది లెక్కలు కొట్టెయ్యండి. ఏరు బాగుంది. పాడైంది నా కళ్ళే" అన్నాడు. హాలంతా చప్పట్లు. టీచరమ్మ ప్రశంసాపత్రం అందించింది. తాత చెయ్యి దాని పక్కనుంచి గాల్లోకి పోయింది. మనవరాలు లేచి వెళ్ళి ఆ చేతిని పత్రం మీద పెట్టింది.

"ఏం రాశారే?" అని తాత గుసగుసగా అడిగాడు.

చదువుదామని చూసింది. కన్నీళ్ళలో ఒక్క అక్షరమూ ఆమెకు కనబడలేదు.