తెల్లగుడ్డ ముందు తెల్ల ఖద్దరు

ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో మా ఫొటో స్టూడియో. మా ఆయన ప్రదీప్ ఎవరిదో పెళ్లి ఫొటోలకని శృంగవరపుకోట వెళ్లిన రోజునే ఖద్దరు కొట్టు జానకిరామయ్య గారు భార్య పార్వతీదేవి గారితో వచ్చారు. ఆవిడ కట్టుకున్నది పొందూరు ఖద్దరు చీర. మల్లెపువ్వు తెలుపు కాదు, పాలమీగడ రంగు. దాన్ని తెల్లగుడ్డ ముందు ఫొటో తీయించి, ఫోన్లో కొనేవాళ్లకు పంపుకోవాలట.

"ఇదివరకు తీయించిన ఫొటోలో పసుపుగా వచ్చిందమ్మా. పాత సరుకనేసి ఒక్కరూ కొన్లేదు. నీ మొగుడు లేడేటి? అయితే విశాఖపట్నం పోతాం," అన్నారాయన.

"ఉండండి బాబూ, నేను తీస్తాను," అన్నాను. లోపల ఇంట్లో మా పాపకు దగ్గు. అత్తమ్మ ఒడిలోనే ఉంది కానీ, దగ్గు వినపడ్డప్పుడల్లా నా ప్రాణం అటే పోతోంది. అయినా చేతికొచ్చిన ఈ పని విశాఖ వెళ్లిపోతే మళ్లీ మా గుమ్మం ఎక్కదు.

వెలుగును మెత్తబరిచే గొడుగులోంచి ఒక ఫ్లాష్ ఆవిడ మీదకు, ఎడమ పక్కనుంచి ఇంకొకటి వెనక గుడ్డ మీదకు పెట్టి నొక్కాను. ఎడమవైపు తెల్లగా వచ్చింది. కుడివైపు నీలం, మబ్బు.

"అదిగో, చీర మళ్లీ పసుపే!" జానకిరామయ్య గారు చెప్పుల కోసం చూశారు.

గుడ్డ దగ్గరకెళ్లి పట్టి చూశాను. "అత్తమ్మా, ఈ గుడ్డ ఉతికి ఏటెట్టినారు?"

"ఏటెడతాను, నీలిమందు! తెల్లగుండాలనే కదే? మీ మావ పంచెలకి ఎట్టనేటి?" లోపల్నుంచి కేకేసింది అత్తమ్మ.

పంచెకు బాగుంటుంది. ఫొటోలో మాత్రం వెనక నీలముంటే ముందున్న మీగడ రంగు పసుపైపోతుంది. మళ్లీ ఉతికి ఆరేసే వ్యవధి లేదు. ఆ నీలాన్ని వెలుగుతోనే కడగాలి. నిండా వెలుగు పడితే లేత నీలం కనబడదు. ఏ మూల తగ్గితే ఆ మూల బయటపడిపోతుంది.

ఉన్న మూడో ఫ్లాష్‌ని గుడ్డకు కుడిపక్క నిలబెట్టాను. ఎడమదాని ముఖం కుడి అంచుకు, కుడిదాని ముఖం ఎడమ అంచుకు తిప్పాను. దగ్గరి అంచుకే చూపిస్తే అక్కడ మండిపోతుంది, మధ్యలో మసక మిగులుతుంది. ఇలా ఒకదాన్నొకటి దాటిస్తే వెలుగు అంతటా కలుస్తుంది. ఎత్తు, దూరం, బలం రెండింటికీ సమానం చేశాను. పార్వతీదేవి గారిని గుడ్డకు దూరంగా ముందుకు రమ్మన్నాను.

"ఇంకా ముందుకేటమ్మా, నీ ఒళ్లోకొచ్చీమంటావా?"

నవ్వుతూనే నొక్కాను. గుడ్డంతా తెలుపే. కాని ఆవిడ కొంగు అంచు కూడా అందులో కరిగిపోయింది.

"చీరేదమ్మా? సగం తినేసింది నీ లైటు!"

"కక్కిస్తాను బాబూ, ఉండండి."

వెనక ఫ్లాష్‌లు రెండింటి బలం ఒక్కో మెట్టు తగ్గించాను. ఈసారి ఫొటో పెద్దది చేసి మూలమూలా వెతికాను. నీలం లేదు. అంచు నిలబడింది. నేతలో పోగులు కూడా తెలుస్తున్నాయి.

పార్వతీదేవి గారు కొంగు తెచ్చి ఫొటో పక్కన పెట్టారు. "ఇదేనండి రంగు! సూడండి."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"మిగతా చీరలు రేపట్టుకొస్తానమ్మా."

"రేపటికి మా ఆయన రాడు బాబూ."

"ఆడినెవడడిగాడు?"

"అయితే పెందరాళే రండి," అన్నాను.