గోడకు గంధం రంగు

వెలుగు గురించి ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన ఫిజిక్స్ ప్రొఫెసర్, తన ఇంటి గోడకు వేసే రంగును చీకట్లో కలిపాడంటే బయటివాళ్లు నమ్మరు. నాచారంలోని ఆ కాలనీవాళ్లు మాత్రం మారుమాట లేకుండా నమ్మేస్తారు. బుచ్చిరాములు సార్ సంగతి వాళ్లకు తెలుసు మరి.

ఆయనది జనగామ దగ్గర ఓ పల్లె, నేతపని చేసే ఇల్లు. చిన్నప్పుడు నాయన రంగు అద్దిన నూలు నీడలో ఒకలా, ఎండలో ఇంకోలా కనబడితే, "నాయనా, గిండ్ల అసలు రంగు ఏది?" అని అడిగాడు. "అమ్ముడువోయేదే అసలు రంగు. పో, కండెలు చుట్టు పో" అని నాయన వీపు మీద ఒకటిచ్చాడు. ఆ దెబ్బ మానింది గానీ ప్రశ్న మానలేదు. అదే ఆయనతో ఎమ్మెస్సీ చదివించింది, డాక్టరేటు చేయించింది, ఉద్యోగం ఇప్పించింది, అక్కడితో ఆగకుండా తీసుకెళ్లి వేదాంతంలోనూ చిత్రకళలోనూ పడేసింది. రిటైరయ్యాక 'రంగు ఎక్కడుంది?' అని ఓ పుస్తకం మొదలుపెట్టాడు. రంగు వస్తువులో లేదు, వెలుగులోనూ లేదు, చూసేవాడిలో ఉంది అని మొదటి అధ్యాయంలోనే తేల్చేశాడు. తేలిపోయాక ఇంకా రాయడం దేనికని భార్య స్వర్ణలత అడిగితే, "నీకు జెప్తే సమజ్ గాదు" అన్నాడు. మధ్యమధ్యలో బొమ్మలు కూడా వేసేవాడు. వాటిని మేకుకు తగిలించేటప్పుడు పైభాగం ఏదో ఆయన్నే పిలిచి అడగాలి.

ఈ గోలంతా ఓపిగ్గా వినే ప్రాణి భూమ్మీద ఒక్కటే ఉంది. పక్కింటి విజయభాస్కర్. భీమవరం నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరైన మనిషి. సాయంత్రమైతే చాలు, ఆయన వరండాలో కుర్చీ వేసుకునేవాడు, ఈయన ప్రహరీకి ఇవతల చేరేవాడు. ఎరుపు మనిషినెందుకు కలవరపెడుతుంది, పొద్దుగుంకేటప్పుడు ఆకాశానికి ఆ రంగులెక్కడివి, బొమ్మలో అందం ఎవరి సొత్తు, అన్నీ చెప్పేవాడు. "ఆహా, అలాగా మాస్టారూ" అని ఆయన తలూపేవాడు. పదిహేనేళ్లుగా ఇదే వరస. ఆ తలూపు చూడకపోతే సార్‌కు రాత్రి అన్నం సహించదు.

అలాంటిది, తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, విజయభాస్కర్ ఇల్లు అమ్మేసి విజయవాడలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోతున్నాడని కాలనీలో గుసగుస మొదలైంది. ఆదివారం ఎవరో ఇల్లు చూసుకోవడానికి వస్తున్నారట కూడా. బుచ్చిరాములు సార్ గుండెల్లో రాయి పడింది. తెలంగాణ రావాలి, అందులో ఆయనకు రెండో మాట లేదు. భాస్కరన్న పోవద్దు, అందులోనూ రెండో మాట లేదు. ఒకే మనిషి ఈ రెండూ కోరుకుంటున్నాడని ఎదుటివాడికి ఎట్లా చెప్పాలో మాత్రం తోచలేదు. మైకిస్తే గంటసేపు దంచే మనిషికి ఈ ముక్క దగ్గర నోరు పెగల్లేదు.

అప్పుడు ఆయన కన్ను గోడ మీద పడింది. విజయభాస్కర్ వరండాకు ఎదురుగా ఉన్న తన ఇంటి పక్కగోడ. వానలకు చెమ్మెక్కి మచ్చలు పడితే, దసరాలోపు సున్నమన్నా కొట్టించమని స్వర్ణలత చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది.

"గంధం రంగేస్త" అన్నాడు సార్. "ఇంటికొచ్చినోళ్లకు గంధం పూస్తం గదా. పొద్దున లేచి సూడంగనే ఆయనకే సమజైతది."

"ఆ గోడతో చెప్పించే బదులు మీరే పోయి చెప్పరాదూ?" అంది స్వర్ణలత.

"కళ చెప్పినట్టు మనిషి చెప్పలేడే" అన్నాడాయన. ఇట్లాంటి మాట ఒకటి నోట్లోంచి వచ్చిందంటే ఇక ఆ మనిషిని ఆపడం ఎవరి తరమూ కాదు.

పెయింటర్ దయాకర్ తెల్లరంగు బకెట్టూ, అందులో కలిపే పసుపు, ఎరుపు రంగు సీసాలూ తెచ్చి, "రేపొచ్చి కలిపేస్త సార్" అన్నాడు.

"నువ్వొద్దు, నేను కల్పుత. నీకు రంగుల శాస్త్రం తెలుసునా?"

"నాకు బకెట్ తెలుసు సార్" అన్నాడు దయాకర్. సార్‌కు ఆ జవాబు నచ్చలేదు.

సాయంత్రం తీరిగ్గా కలపడానికి కూర్చున్నాడో లేదో కరెంటు పోయింది. సమ్మెలో బొగ్గు ఆగిపోయి రోజూ అదే తంతు. ఇంకొకడైతే తెల్లారేదాకా ఆగేవాడు. ఈయన కొవ్వొత్తి ముట్టించాడు. కొవ్వొత్తి పసుప్పచ్చ వెలుగులో ఏ సీసా ఏదో పోల్చుకుని, చుక్క వేసి, కలిపి, తల పక్కకు వాల్చి చూసి, మళ్లీ చుక్క వేసి, చివరికి అచ్చం అరగదీసిన గంధంలాంటి రంగు తేలగానే మూత బిగించి, ఈల వేసుకుంటూ పోయి పడుకున్నాడు. కొవ్వొత్తి ముందు రంగులన్నీ వేషం మారుస్తాయని ఆయన పుస్తకంలో నాలుగో అధ్యాయం మొత్తం ఉంది. రాసింది ఆయనే!

మర్నాడు తెల్లవారకముందే ఉప్పల్ దాటి ఊరవతలికి బయల్దేరాడు. అక్కడి గ్రంథాలయంలో 'సత్యం, సౌందర్యం' మీద ఆయన ప్రసంగం. సమ్మెలో బస్సుల్లేవు, కాళ్లే దిక్కు. సభకు వచ్చినవాళ్లలో ఒకాయన కార్యదర్శి, ఒకాయన దండ తెచ్చినాయన, మిగిలినాయన ఎండకు తాళలేక లోపలికి వచ్చినాయన. ఆ ముగ్గురికీ సౌందర్యమంటే ఏమిటో విడమరిచి చెప్పి, ఈసురోమంటూ నడిచి నాచారం చేరేసరికి పొద్దు వాలింది.

వీధి మొదట్లోనే పిల్లలు ఎదురొచ్చి "జై తెలంగాణ!" అన్నారు. సార్ కూడా అన్నాడు. ఇంకాస్త ముందుకొస్తే జనం గుంపు. ఇంకాస్త ముందుకొస్తే గోడ.

గులాబీ! ఉద్యమం జెండా దింపి గోడకు అతికించినట్టు, ఈ మూలనుంచి ఆ మూలదాకా నిఖార్సయిన గులాబీ.

దయాకర్ పరిగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నాడు. "సార్! పొద్దుగాల మూత దీసి సూస్తె కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ సార్. ధర్నాకు రారు, మీటింగులకు రారు, సార్‌కేం పట్టదనుకున్నం. మీ దిల్ గిట్ల ఉన్నదని తెల్వకపాయె. రెండు కోటింగులనుకున్న, ఖుషీల మూడేసిన."

"అరే, అది గంధం రంగురా!"

"అవ్ సార్. మన గంధం."

స్వర్ణలత గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఆయనకు గంధం పూసుడేమో గానీ, మన మొఖానికైతే మసి పూసిన్రు" అంది.

సార్ మెల్లిగా ప్రహరీ అవతలికి తొంగిచూశాడు. తలుపు వేసి ఉంది. వరండాలో కుర్చీ లేదు.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. మర్నాడూ కుర్చీ బయటికి రాలేదు. సార్ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగి తిరిగి, దయాకర్‌ను పిలిచి ఆ రంగు మార్చేయమన్నాడు.

"మారుస్త సార్, ఏ రంగెయ్యాలె?" అన్నాడు దయాకర్. "పసుపేస్తె ఒక పార్టీ, కాషాయమేస్తె ఇంకో పార్టీ. ఎర్రగేస్తె యూనియనోళ్లంటరు. తెల్లగేస్తె, సార్ ఢిల్లీకి అమ్ముడువోయిండంటరు. ఏ పార్టీదీ గాని రంగు మీ పుస్తకంల ఏదన్న ఉంటె సూసి చెప్పున్రి."

సార్ నిజంగానే లోపలికి పోయి పుస్తకం తిరగేశాడు. లేదు.

శనివారం సాయంత్రం ఇక తాళలేక, చొక్కా మార్చుకుని పక్కింటి గేటు తీశాడు. విజయభాస్కర్ భార్య పద్మావతి తలుపు తెరిచి, "రండి అన్నయ్యగారూ" అని మర్యాదకు అనేసి లోపలికి వెళ్లిపోయింది. హాల్లో విజయభాస్కర్ పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చదవడం లేదు.

సార్ నిలబడే మొదలుపెట్టాడు. "భాస్కరన్నా, కొవ్వొత్తి వెలుగుల నీలం భాగం తక్కువుంటది. గందుకని కన్ను ఏం జేస్తదంటే..." కన్ను ఏం చేస్తుందో, ఆ పసుపు వెలుగులో గులాబీ కూడా గంధంలా ఎట్లా కనబడుతుందో చెప్పాడు. మెదడేం చేస్తుందో చెప్పాడు. గులాబీ అనేది అసలు ఇంద్రధనుస్సులోనే లేదని, అది ఒకరకంగా మాయేనని చెప్పాడు. ఎదుట తల ఊగలేదు.

"మాస్టారూ, ఇంక ఆపండి."

పదిహేనేళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"ఆ గోడ గులాబీ రంగని నాకు పద్మ చెప్పింది. తర్వాత ఇస్త్రీ అతను చెప్పాడు. ఆనక మీ దయాకర్ వచ్చి, ఎలా ఉందండీ అని అడిగి మరీ చెప్పాడు. నాకు మాత్రం అది పాత గోడలాగే ఉందండీ."

"అంటే?"

"అంటే నాకు ఎరుపూ తెలియదు, ఆకుపచ్చా తెలియదు. పుట్టుకతోనే అంత. గులాబీ అని మీరంటారే, అది నా కంటికి మట్టి బూడిదలా ఉంటుంది."

 సూర్యాస్తమయం! ఈ మనిషిని ప్రహరీ అవతల కూర్చోబెట్టి ఎన్ని సూర్యాస్తమయాలు వర్ణించాడో! సార్‌కు సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివేందన్నా?"

"మీరు అడగందే! అడిగే సందు మీకుంటే కదా, చెప్పే సందు నాకు దొరకడానికి." విజయభాస్కర్ ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "అయినా, మీరు చెబుతుంటే బాగుండేదండీ. ఆకాశం ఎర్రబడ్డం అంటే ఏమిటో మీ నోట విన్నాకే నాకు కాస్త తెలిసింది."

"మరి నామీద కోపం దేనికి?"

"కోపం కాదండీ. మీ స్నేహితుడు రంగు మార్చాడని వీధంతా వచ్చి చెప్పారు. కాదని చెప్పడానికి మీరే రాలేదు. ఇంక మీరూ పొమ్మంటున్నారనే అనుకున్నాను."

బుచ్చిరాములు సార్‌కు సోఫాలో కూలబడ్డాక గానీ తను ఏడుస్తున్నట్టు తెలియలేదు. ఏదో చెప్పబోయాడు. వేదాంతమూ గీదాంతమూ, వెలుగూ గిలుగూ ఏవీ గుర్తుకు రాలేదు.

"పోవద్దన్నా" అన్నాడు. "నువ్వు పోతె నాకు ఈడ ఎవలున్నరు? గిది నోట రాకనే గోడకు గంధం ఎయ్యబోయిన."

 విజయభాస్కర్ కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు.

"ఈ ముక్క చెప్పడానికాండీ గోడకి మూడు కోటింగులు!" అని, లోపలికి తిరిగి కేకేశాడు. "పద్మా, రేపొచ్చే వాళ్లకి ఫోన్ చెయ్యి. ఇల్లు అమ్మట్లేదని చెప్పు."